పన్నెండు రోజుల ఆటలు.. ఎవరి నేల మీద?

మన ఊళ్లలో జాతర వస్తే నెల ముందు నుంచే సందడి మొదలవుతుంది. ఇళ్లకు సున్నాలు వేస్తారు, వీధులు చదును చేస్తారు. బండ్లు నిలపడానికి పంట కోసేసిన పొలం ఒకటి చూస్తారు. ఆ పొలం ఎవరిదో వాళ్లను అడుగుతారు, జాతర అయ్యాక దున్నుకోమని అప్పగిస్తారు. జాతరలో కులం లెక్కలు, పెద్దల పెత్తనాలు లేవని మేం అనం. కానీ చుట్టాలు వస్తున్నారని పేదవాడి గుడిసె పీకి పొలిమేర అవతల పడేయడం మాత్రం ఏ జాతరలోనూ చూడలేదు.

నగరాల్లో జరిగే అంతర్జాతీయ ఆటల పండుగలో జరుగుతున్నది సరిగ్గా ఇదే. ఇప్పుడు ఈ మాట ఎందుకు ఎత్తుతున్నామంటే, 2025 నవంబర్ 26న 2030 కామన్వెల్త్ క్రీడల ఆతిథ్యం అహ్మదాబాద్‌కు ఖాయమైంది. 2036 ఒలింపిక్స్ కూడా మనకే కావాలని కేంద్ర ప్రభుత్వం ముందుకు పోతోంది. ఇటు మన రెండు రాష్ట్రాల్లోనూ స్పోర్ట్స్ సిటీలు, స్పోర్ట్స్ హబ్‌ల మాట వినబడుతోంది. ఆటలకూ రైతు పత్రికకూ సంబంధం ఏమిటని కొందరు అడగవచ్చు. స్టేడియం గాల్లో కట్టరు కదా. అది లేచేది నేల మీద. దాన్ని కట్టేది పల్లె వదిలి వలస పోయిన కూలీ. కట్టిన తర్వాత గేటు బయట నిలబడేది కూడా అతనే. అందుకే ఈ నెల సంపాదకీయం ఆటల గురించి.

ముందే ఒక మాట స్పష్టం చేద్దాం. మనం ఆటలకు వ్యతిరేకం కాదు. ఆటల్లో దేశానికి పేరు తెస్తున్నవాళ్లలో ఎంతోమంది మన ఇళ్ల పిల్లలే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి శ్రీకాకుళం జిల్లా ఆడబిడ్డ. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన జీవంజి దీప్తి వరంగల్ జిల్లా కల్లెడ గ్రామంలో కూలి చేసుకునే కుటుంబంలో పుట్టింది. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో డిస్కస్ త్రోలో స్వర్ణం గెలిచిన కృష్ణ పూనియా హర్యానా రైతు కుటుంబం నుంచి వచ్చింది. ఆ క్రీడల్లో మన దేశానికి 101 పతకాలు వచ్చాయి. ఆ గర్వం మనకూ ఉంది. మన పేచీ ఆటలతో కాదు, ఆటల పేరు చెప్పి మనుషుల్ని, భూముల్ని పక్కకు నెట్టేసే పద్ధతితో.

ఆ పద్ధతి ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఢిల్లీ ఒక్కటి చాలు. క్రీడలు జరిగింది 2010 అక్టోబర్ 3 నుంచి 14 వరకు, పన్నెండు రోజులు. ఆతిథ్యం ఖాయమైంది 2003 నవంబర్‌లో. ఈ ఏడేళ్లూ ఢిల్లీలో బతికిన పేదవాడికి ఆటలు అంటే ఏమిటో ఒకసారి చూద్దాం.

యమున ఒడ్డున ఖాదర్ అనే భూములున్నాయి. మన కృష్ణా, గోదావరి లంకల్లాంటివి. వరద వచ్చినప్పుడు మునుగుతాయి, వరద తీశాక ఒండ్రు మీద బంగారం పండుతుంది. పాలకూర, ముల్లంగి, కాలీఫ్లవర్, సొర, బీర ఢిల్లీ వంటింటికి ఇక్కడి నుంచే పోతాయి. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో సహకార సంఘాల ద్వారా లీజుకు తీసుకుని సాగు మొదలుపెట్టిన కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. మూడు తరాలు దున్నినా చేతిలో పట్టా లేదు. లీజులు పొడిగించకుండా ఆపేసి, వాళ్లకు ఆక్రమణదారులని పేరు పెట్టారు. లంక భూముల్లో సాగుచేసుకునే మన రైతులకు ఈ కథ వేరే చెప్పనక్కర్లేదు.

అదే యమున ఒడ్డున పుష్తా అనే చోట పెద్ద బస్తీ ఉండేది. రిక్షా తొక్కేవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, కూలీలు. ఆతిథ్యం ఖాయమైన కొద్ది నెలలకే, 2004లో, ఆ బస్తీని నేలమట్టం చేశారు. కోర్టు ఉత్తర్వు అన్నారు, నది సుందరీకరణ అన్నారు. వెళ్లగొట్టిన వాళ్లలో కొందరికే బవానా లాంటి ఊరి చివరి చోట్ల జానెడు స్థలం చూపించారు. పొద్దున పనికి రావాలంటే ముప్పై కిలోమీటర్లకు పైగా దూరం. చేసే పని ఇక్కడ, పడుకునే చోటు అక్కడ. బస్సు ఛార్జీకే సగం కూలి పోతే ఆ కుటుంబం తినేదేమిటి? ఆటల కోసం, ఆటల పేరుతో ఢిల్లీలో 2004 నుంచి కనీసం రెండు లక్షల మందిని ఖాళీ చేయించారని హౌసింగ్ అండ్ ల్యాండ్ రైట్స్ నెట్‌వర్క్ అనే సంస్థ 2011లో లెక్క చెప్పింది.

మరి నది ఒడ్డు పేదలకు పనికిరానప్పుడు ఎవరికి పనికొచ్చింది? అక్షర్‌ధామ్ గుడి పక్కన, యమున ఒడ్డున, ఆటగాళ్ల కోసం 'క్రీడా గ్రామం' పేరుతో అపార్ట్‌మెంట్లు లేచాయి. ఆటలయ్యాక అమ్ముకోవడానికే వాటిని కట్టారు. పర్యావరణవాదులు కోర్టుకు వెళ్లారు. ఆ స్థలం నదీగర్భం కాదని 2009లో సుప్రీంకోర్టు కట్టుబడికి అనుమతి ఇచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో, ఆటలు ఇంకొన్ని రోజులు ఉన్నాయనగా, యమున 207 మీటర్ల మట్టం దాటి పొంగింది. క్రీడా గ్రామం చుట్టూ నీళ్లు, దోమలు. దేశదేశాల వాళ్లు ఆటగాళ్లను పంపాలా వద్దా అని తటపటాయించారు. నది దేన్నీ మర్చిపోదని లంకల్లో సేద్యం చేసినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి. ఆటల బస్సులు నిలపడానికి సరాయ్ కాలే ఖాన్ దగ్గర యమున వరద మైదానంలోనే పెద్ద డిపో కట్టారు. తాత్కాలికం, ఆటలయ్యాక తీసేస్తాం అన్నారు. ఆటలు ముగిశాయి, అతిథులు వెళ్లిపోయారు, డిపో మాత్రం ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయింది. 2015 జనవరిలో జాతీయ హరిత ట్రైబ్యునల్ యమున ఒడ్డున కూరగాయల సాగును నిషేధించింది. మురికినీటితో పండిన కూరలు తింటే జనానికి హాని అన్నది అందులోని వాదన. ఆ హాని నిజమే కావచ్చు. కానీ నదిలోకి మురికి వదిలింది నగరం. శిక్ష మాత్రం ఆకుకూర పండించే రైతుకు పడింది.

ఇక నగరంలో బతికేవాళ్ల సంగతి. ఆటలు దగ్గరపడేకొద్దీ తోపుడు బండ్లు, రోడ్డు పక్క టీ కొట్లు, ఛాట్ అమ్మేవాళ్లు వీధుల్లోంచి మాయమయ్యారు. బిచ్చగాళ్లను పట్టుకుని అక్కడికక్కడే విచారించి పంపేందుకు సంచార కోర్టులు పెట్టారు. బిచ్చమెత్తడం నేరం కాదని ఢిల్లీ హైకోర్టు చెప్పేసరికి 2018 అయింది. పేదలు ఎక్కే బ్లూలైన్ బస్సులను రోడ్ల మీద నుంచి తప్పించారు. ఆటల వాహనాలకని రోడ్డులో ఒక వరస ప్రత్యేకించి, అందులోకి ఇంకెవరైనా వస్తే రెండు వేల రూపాయల జరిమానా అన్నారు. బడులకు సెలవులిచ్చారు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో హాస్టళ్లు బాగుచేయించి అతిథులకు ఇస్తామని విద్యార్థులను ఖాళీ చేయించారు. పల్లెటూళ్ల నుంచి వచ్చి చదువుకునే పిల్లలు అద్దె గదుల కోసం వీధులు పట్టారు. తీసేయడానికి వీలుకాని బస్తీలు కనబడకుండా రోడ్డు పక్కన తడికలు, బొమ్మల బోర్డులు అడ్డం పెట్టారు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. రోజు కూలి మీద బతికేవాడికి నగరం పన్నెండు రోజులు సెలవిస్తే ఆ పన్నెండు రోజులూ పస్తే.

నగరంలో చిన్న అమ్మకందార్ల బండ్లు ఆగిపోతే నష్టం వాళ్లతో ఆగదు. మార్కెట్‌కు పోయిన మన టమాటా, మన ఆకుకూర ఇంటింటికీ చేర్చేది ఆ తోపుడు బండే. బండి ఆగితే మార్కెట్‌లో కొనేవాడు తగ్గుతాడు, కొనేవాడు తగ్గితే పొలం దగ్గర ధర పడుతుంది. పచ్చి సరుకు రేపటి దాకా ఆగదు. నగరంలో బండివాడి మీద పడిన దెబ్బ పల్లెలో రైతు వీపు మీదే తేలుతుంది.

ఆ స్టేడియాలు కట్టినవాళ్ల మాటకు వద్దాం. ఇది 2010తో మొదలు కాలేదు. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి. ఆ పనులకు రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, ఒడిశా పల్లెల నుంచి జమాదార్లు కూలీలను తెచ్చారు. కనీస కూలి రోజుకు 9 రూపాయల 25 పైసలు. అందులో రూపాయి జమాదారు కమీషన్. ఆడవాళ్ల చేతికి వచ్చింది ఏడు రూపాయలే. పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రటిక్ రైట్స్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ ఏడాదే తీర్పిచ్చింది. కనీస కూలి కన్నా తక్కువకు పనిచేయించడం వెట్టిచాకిరీ కిందికే వస్తుందని, అది రాజ్యాంగంలోని 23వ అధికరణానికి విరుద్ధమని చెప్పింది. దేశంలో కూలి జనానికి అది గొప్ప తీర్పు. మన జీతగాళ్ల పోరాటాలకూ అండ.

ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత అదే నగరంలో మళ్లీ ఆటలు. 2010లో ఢిల్లీ హైకోర్టు వేసిన కమిటీ పని స్థలాలు తిరిగి చూస్తే మళ్లీ అదే కథ. కనీస కూలి అందడం లేదు. అదనపు పనికి అదనపు కూలి లేదు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో చాలామంది పేర్లే లేవు. ఉండే గుడిసెలు మనుషులు ఉండేలా లేవు. సెప్టెంబర్ 21న ప్రధాన స్టేడియం దగ్గర కడుతున్న కాలినడక వంతెన కూలి ఇరవై మందికి పైగా కూలీలు గాయపడ్డారు. పని పూర్తికాగానే ఊళ్లకు పొమ్మన్నారు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి కుటుంబాలతో సహా మేస్త్రీల వెంట వలస పోయిన మనవాళ్లకు ఈ అనుభవం కొత్తది కాదు. 2022లో ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరిగినప్పుడు, నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ పల్లెల నుంచి గల్ఫ్‌కు బిడ్డల్ని పంపిన ఇళ్లలో టీవీ చూసిన కళ్లు వేరు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. 2003లో ఆతిథ్యం అడిగేటప్పుడు ఖర్చు అంచనా 1,200 కోట్లు. 2011లో కాగ్ నివేదిక వచ్చేసరికి అది 18,500 కోట్లు దాటింది. ఇందులో దళితుల అభివృద్ధికి కేటాయించిన ప్రత్యేక నిధుల నుంచి మళ్లించిన సొమ్ము దాదాపు 700 కోట్లు ఉంది. 2010 ఆగస్టులో రాజ్యసభలో అప్పటి హోంమంత్రి చిదంబరమే ఆ మళ్లింపు తప్పని ఒప్పుకున్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసిన సామెత ఇక్కడ అక్షరాలా నిజమైంది. దళిత వాడలో తాగునీటికి, హాస్టల్‌కు పోవాల్సిన డబ్బు స్టేడియం దీపాలకు పోయింది.

ఆటల వల్ల మెట్రో వచ్చింది, ఫ్లైఓవర్లు వచ్చాయి, ఢిల్లీ బాగుపడలేదా అని అడిగేవాళ్లున్నారు. మెట్రో వచ్చింది నిజమే, అది జనానికి పనికొచ్చింది కూడా. అయితే మెట్రో వేయడానికి ఆటలు రావాలా? ఆటల పేరు చెబితే తప్ప జనానికి కావాల్సింది కట్టని ప్రభుత్వం, ఆటల పేరు చెప్పగానే జనం బతుకు తీసేయడానికి మాత్రం వెనకాడలేదు. మన అభ్యంతరం అక్కడ.

ఇది ఒక్క ఢిల్లీ తీరు కాదు. 2012 ఒలింపిక్స్ కోసం లండన్‌లో వందేళ్ల చరిత్ర ఉన్న మేనర్ గార్డెన్ అనే కూరగాయల మడులను 2007లో తీసేశారు. ఎనభై దాకా మడులు, శ్రామిక కుటుంబాలు తరతరాలుగా పండించుకునేవి. 2016 ఒలింపిక్స్‌కు రియో నగరంలో, జాలర్లు వేసుకున్న ఊరిగా మొదలైన విలా ఆటోద్రోమోలో వందల ఇళ్లు కూల్చారు. చివరిదాకా కదలకుండా కొట్లాడిన ఇరవై కుటుంబాలకు మాత్రం అక్కడే కొత్త ఇళ్లు కట్టివ్వక తప్పలేదు. మాంట్రియల్ నగరం 1976 ఒలింపిక్స్ అప్పు తీర్చేసరికి 2006 వచ్చింది.

మన హైదరాబాద్ సంగతి మనకు ఇంకా బాగా తెలుసు. 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో ఏషియన్ క్రీడలు అక్కడ జరిగాయి. అవి ఉమ్మడి రాష్ట్రంలో కరువు కాలం, రైతుల ఆత్మహత్యల కాలం. ఆ ఊపులోనే 2003లో ఆటల అకాడమీలు కడతామన్న ఒక కంపెనీకి 850 ఎకరాలు ఇవ్వడానికి ఒప్పందం కుదిరింది. గచ్చిబౌలిలో 400 ఎకరాలు, మామిడిపల్లిలో 450 ఎకరాలు. 2006లో ఆ కేటాయింపు రద్దయింది. కోర్టుల్లో నలిగి నలిగి, రద్దు సరైనదేనని 2024లో తేలింది. ఆటల పేరు చెప్పి బయటికి తీసిన ఆ 400 ఎకరాలు ఆటలకూ పోలేదు, జనానికీ రాలేదు. 2025 మార్చిలో ఐటీ కంపెనీల కోసమని జేసీబీలు దిగితే విశ్వవిద్యాలయ విద్యార్థులు అడ్డుపడ్డారు, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు పనులు ఆపింది. ఒకసారి ఆట పేరుతో చేయి మారిన భూమి చివరికి ఏ ఆటలో పడుతుందో చెప్పలేం అనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఇక చట్టం మాట. 2013 భూసేకరణ చట్టంలో 'ప్రజా ప్రయోజనం' అంటే ఏమిటో రాసిన చోట క్రీడల ప్రాజెక్టు కూడా ఉంది. ఇది మన రైతుల్లో చాలామందికి తెలియదు. ప్రభుత్వం తానే కడుతున్నానంటే రైతుల సమ్మతి అవసరం లేదు. ప్రైవేటు భాగస్వామ్యం ఉంటే 70 శాతం, పూర్తిగా ప్రైవేటు అయితే 80 శాతం మంది ఒప్పుకోవాలి. కాబట్టి మీ ఊరికి వచ్చిన అధికారిని అడగాల్సిన మొదటి ప్రశ్న, 'కట్టేది ఎవరు? నడిపేది ఎవరు?' అని. రెండోది, సామాజిక ప్రభావ అంచనా చేశారా అని. గుజరాత్ 2016లో, తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2018లో చేసుకున్న సవరణలు ఈ చట్టం కోరలు చాలావరకు పీకేశాయి. ఆ సవరణలు రద్దుచేయాలన్న మన డిమాండ్ పాతదే, ఇప్పుడు దానికి తొందర పెరిగింది.

ఆటలు పెట్టండి. కానీ ఈ కింది మాటలు కాగితం మీద రాసిచ్చాకే పెట్టండి.

ఒకటి, పార్కింగ్, బస్సు డిపో, గుడారాల్లాంటి తాత్కాలిక అవసరాలకు భూమి కొనడం, సేకరించడం వద్దు. పంట నష్టం కట్టిచ్చి కౌలుకు తీసుకోవాలి, సాగుకు పనికొచ్చేలా తిరిగి అప్పగించాలి. తేదీ ముందే రాయాలి.

రెండు, నష్టం లెక్కలో పట్టాదారుతో పాటు కౌలు రైతు, లంక సాగుదారు, రైతు కూలీ పేర్లూ ఉండాలి.

మూడు, ప్రతి పని స్థలంలో కూలి రేటు కూలీల భాషలో బోర్డు మీద రాయాలి. కూలి నేరుగా వాళ్ల ఖాతాలో పడాలి, మధ్యలో మేస్త్రీ కోత ఉండకూడదు. సంక్షేమ బోర్డులో పేరు లేని కూలీతో పని చేయించకూడదు. 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు పాత చట్టాల రక్షణలను తగ్గిస్తున్న ఈ వేళ ఇది మరీ ముఖ్యం.

నాలుగు, ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక నిధుల్లోంచి ఒక్క రూపాయి కూడా ఆటలకు మళ్లకూడదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఉపప్రణాళిక చట్టం పోరాడి తెచ్చుకున్నది.

ఐదు, 2014 వీధి విక్రయదారుల చట్టం ఆటల రోజుల్లోనూ అమలులో ఉండాలి. బండి తీయాల్సివస్తే పక్కనే చోటు చూపించాలి, పోయిన రోజుల ఆదాయం కట్టివ్వాలి.

ఆరు, ఖర్చు లెక్క ఆటలకు ముందు, తర్వాత జనం ముందు పెట్టాలి. కట్టిన మైదానాలు ప్రభుత్వ బడి పిల్లలకు ఉచితంగా తెరవాలి. కల్లెడలాంటి ఊళ్లలో పరిగెత్తే పిల్లకు మండలంలో మంచి ట్రాక్ ఒకటి ఉంటే, ఆ ఖర్చే దేశానికి పతకం తెస్తుంది.

మిత్రులారా, అహ్మదాబాద్ చుట్టుపక్కల రైతులకు, అక్కడి బస్తీ జనానికి మన సంఘం మద్దతు ఉంటుంది. ఇక్కడ మాత్రం మన పని ఇప్పుడే మొదలుపెట్టాలి. స్పోర్ట్స్ సిటీ పేరుతో సర్వే రాళ్లు పాతిన చోట, పాతబోతున్నారని విన్న చోట, ముందు గ్రామసభ పెట్టండి. సర్వే నంబర్లు, సాగులో ఉన్నవాళ్ల పేర్లు, కౌలుదార్ల పేర్లతో జాబితా రాసి తీర్మానం చేయండి. ఏ కాగితం మీదా చదవకుండా సంతకం, వేలిముద్ర వేయకండి. తీర్మానం నకలు ఒకటి మండల కమిటీకి, ఒకటి సంఘం కార్యాలయానికి పంపండి. వచ్చే సంచిక లోపల అందిన జాబితాలన్నీ కలిపి రెండు రాష్ట్రాల రెవెన్యూ, క్రీడా శాఖలకు వినతిపత్రం ఇద్దాం.